నిశ్శబ్దాన్ని ఇచ్చే కార్డు

మంచి హెడ్‌ఫోన్‌కు మంచి సౌండ్ కార్డు ఎందుకు కావాలో నాకు నేర్పింది వీణ. తీగ మీటగానే పుట్టే నాదం ఎవరికైనా వినిపిస్తుంది. అది గమకంలో ఊగుతూ, సన్నబడుతూ, ఎక్కడ ఆగిందో తెలియాలంటే మాత్రం చుట్టూ నిశ్శబ్దం ఉండాలి. ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు వీణావాదనలో నాకు ప్రాణమైనది ఆ చివరి క్షణమే. కంప్యూటర్ లోపలి సన్నని రొద ముందుగా మింగేసేదీ దాన్నే. అందుకని కార్డు ఎంచుకునేటప్పుడు ‘ఇది ఎంత బాగా పాడుతుంది’ అని అడగడం మానేశాను. ‘పాట లేనప్పుడు ఎంత మౌనంగా ఉంటుంది’ అనే అడుగుతున్నాను.

1989లో సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ సంస్థ మొదటి సౌండ్ బ్లాస్టర్ కార్డు తెచ్చినప్పుడు మామూలు పీసీకి కీచుమనే చిన్న స్పీకర్ తప్ప వేరే గొంతు లేదు. పాట వినిపించాలంటే కార్డు పెట్టుకోవాల్సిందే. ఇవాళ ఏ మదర్‌బోర్డులోనైనా సౌండ్ చిప్ ఉంటుంది, అదేమీ నాసిరకం కాదు. చిక్కంతా దాని చుట్టూ ఉన్న ఇరుగుపొరుగుతోనే. కేబినెట్ ముందువైపు సాకెట్‌కు వచ్చే వైరు గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై పక్కనుంచే రావాలి. మౌస్ కదిపితే చెవిలో కిర్రుమనడానికి తరచుగా కారణం ఇదే. హెడ్‌ఫోన్‌ను వెనకవైపు సాకెట్‌కు మార్చి చూడండి. పైసా ఖర్చు లేదు, చాలాసార్లు ఆ రొద తగ్గుతుంది. తగ్గకపోతే యూఎస్‌బీ వైరుతో బయట పెట్టుకునే కార్డు మంచిది. అంకెలు నాదంగా మారే పని ఆ రద్దీకి దూరంగా జరుగుతుంది.

రెండో పాఠం ఓమ్‌లది. మా అనంతపురం సీమలోని మడకశిర ప్రాంతంలో బోరు లోతు తెలుసుకోకుండా మోటారు కొనే రైతు ఉండడు. హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్ (ఓమ్‌లలో కొలిచే విద్యుత్ నిరోధం) తెలియకుండా కార్డు కొనడం కూడా తగని పనే. సెన్‌హైజర్ హెచ్‌డి 600 ఇంపిడెన్స్ 300 ఓమ్‌లు. ఆడియో టెక్నికా ఎం50ఎక్స్‌ది 38 ఓమ్‌లు. బేయర్‌డైనమిక్ డిటి 770 ప్రోలో 80, 250 ఓమ్‌ల రకాలు విడివిడిగా దొరుకుతాయి. 2 వోల్టులిచ్చే కార్డు నుంచి 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు 125 మిల్లీవాట్లు అందితే, 300 ఓమ్‌లదానికి అందేది 13 మాత్రమే. ఓమ్‌లు ఎక్కువగా ఉన్నవాటికి వోల్టేజీ కావాలి, తక్కువగా ఉన్నవాటికి కరెంటు కావాలి. సెన్సిటివిటీ కూడా చూడాలి, ఎందుకంటే ఒకే ఇంపిడెన్స్ ఉన్న రెండు హెడ్‌ఫోన్లు ఒకే వోల్టేజీకి ఒకేలా మోగవు.

కార్డుకూ సొంత అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఉంటుంది. అది హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకపోవడం మేలు. చాలా హెడ్‌ఫోన్ల ఇంపిడెన్స్ అన్ని స్వరాల దగ్గర ఒకేలా ఉండదు. మంద్రంలో అది పైకి లేచే రకాలకు కార్డు ఇంపిడెన్స్ ఎక్కువైతే, ఆ మంద్రం ఉన్నదానికంటే ఉబ్బి వినిపిస్తుంది. మృదంగం తొప్పి వైపు మోత ముద్దగా ఉందంటే తప్పు హెడ్‌ఫోన్‌దే కానక్కర్లేదు.

మూడో పాఠం ఈ నేల నేర్పింది. నాన్న ఆకాశవాణి నుంచి టేపు చేసుకున్న కచేరీలను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి టేప్ డెక్‌ను కార్డుకు కలిపాను. హెడ్‌ఫోన్‌లో గుంయ్‌మని ఎడతెగని మోత. కేబినెట్ రేకును తాకితే వేలికి జివ్వుమంది. వైరింగ్ చూడ్డానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ కార్డు వైపు చూడనే లేదు, నేరుగా పెరట్లోకి నడిచాడు. “ఎండకాలంలో ఎర్త్ గుంత ఎండిపోయింటాది సార్. బొగ్గు, ఉప్పు మళ్లా వేసి నీళ్లు పొయ్యల్ల” అన్నాడు.

ఆ మాట వెనక శాస్త్రం ఉంది. కంప్యూటర్ పవర్ సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్ల గుండా కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ కేబినెట్‌కు చేరుతూ ఉంటుంది. ఎర్త్ బాగుంటే అది నేలలోకి పోతుంది. బాగాలేకపోతే ఆడియో వైరులోని లోహపు తొడుగే దానికి దారి అవుతుంది, మన 50 హెర్ట్జ్ కరెంటు చెవిలో రొదగా మోగుతుంది. మట్టి ఎండేకొద్దీ విద్యుత్తుకు దాని నిరోధం పెరుగుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే అనంతపురం సీమలో ఇది చిన్న సంగతి కాదు. గుంత బాగుచేశాక ఆ మోత పోయింది. కార్డు అదే, డెక్ అదే. ఎర్త్ పిన్నును విరిచేసి మోత తగ్గించుకోమని ఎవరైనా చెబితే వినకండి, అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఆ పిన్ను ఉన్నది ముందు మన రక్షణ కోసం.

నాలుగోది, మనం వినేదానికి ఉన్న హద్దు. సీడీలోని 16 బిట్లు అతి మెల్లని, అతి గట్టి శబ్దాల మధ్య 96 డెసిబెళ్ల తేడాను పట్టుకుంటాయి. మామూలు క్యాసెట్‌లో అది 50, 60కి మించదు. ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్‌ను 78 ఆర్‌పిఎం రికార్డు నుంచి ఎక్కించిన ప్రతిలో గీతల చప్పుడు పాటలోనే కలిసిపోయి ఉంటుంది. పెట్టె మీద 120 డెసిబెళ్లని రాసుకున్న కార్డు కూడా దాన్ని తుడిచేయలేదు. కాబట్టి పెట్టె మీది పెద్ద అంకెల కోసం వేలు పోసేముందు మీ దగ్గరున్న సంగీతం ఏమిటో, రాత్రి తిరిగే ఫ్యాన్ చప్పుడెంతో లెక్కలోకి తీసుకోండి.

బెంగళూరు ఎస్పీ రోడ్డు లాంటి ఎలక్ట్రానిక్స్ బజారులో రెండు కార్డులు పోల్చి చూసే వీలు దొరికితే ముందు రెండిటి వాల్యూమ్‌నూ సమానం చేయమనండి. కొంచెం గట్టిగా మోగేది చెవికి మెరుగైనదిగా తోస్తుంది. ఏది మోగుతోందో మీకు చెప్పకుండా ఇంకొకరు మార్చాలి. అలా విన్నప్పుడు తేడా తెలియకపోతే చవకదే తీసుకోండి, అందులో చిన్నతనమేమీ లేదు. చివరగా, పాట ఆపి, మీరు రోజూ వినే వాల్యూమ్ దగ్గర చెవి పెట్టండి. ఏమీ వినిపించకపోతే ఆ కార్డు మీకు చాలు.

శుభ్రమైన శబ్దం వాల్యూమ్ పెంచమని ఊరిస్తుంది. పెద్దలకు వారానికి 40 గంటలు, 80 డెసిబెళ్లు దాటకుండా వినడం క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పిల్లలకు ఆ హద్దు 75. హెడ్‌ఫోన్ మీది ఓమ్‌లు చదవండి, ఇంటి ఎర్త్ పరీక్ష చేయించండి, ఆ రెండూ అయ్యాకే కార్డుకు డబ్బు తీయండి. కార్డు పోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. పోయిన వినికిడిని ఏ కార్డూ తెచ్చివ్వదు.