ముత్తాత కొనుక్కున్న గడియారం

సిరికొండలో ఓ పాత ఇల్లు. అటక మీది ట్రంకుపెట్టెలో ముత్తాత చేతిగడియారం దొరికిందనుకోండి. 1914-18 యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు సినాయ్, పాలస్తీనాల దాకా వెళ్లారు. అలా వెళ్లొచ్చిన సిపాయిదే అది! సర్కారు ఇచ్చిందా, జీతంలో మిగిల్చి కొనుక్కున్నదా?

వెనక మూత చూడండి. బ్రిటిష్ సైన్యం సొత్తుపై బాణం గుర్తు వేసేవారు. అది లేకుండా పొడి అక్షరాలు గీకి ఉంటే సొంతంగా కొన్నదే కావచ్చు. మెరుగు పెట్టిస్తే ఆ ఆనవాలూ పోతుంది. చీకట్లో మెరవాలని అంకెలకు రేడియం పూసేవారు, కాబట్టి విప్పనూ వద్దు.

సర్కారు సొత్తుకైతే గుర్తుంది. ముత్తాత కొనుక్కున్నదానికి ఇంట్లోవాళ్ల మాటే సాక్ష్యం. నాయనమ్మను ఇవాళే అడగండి. ఆమె చెప్పింది చీటీ మీద రాసి గడియారంతో పాటే దాచండి. ఆ చీటీ లేకపోతే రేపు అది ఎవరిదో పాత గడియారం... అంతే!