గడప కూడా సరిహద్దే

రాత్రి పదిన్నర దాటింది. రిసాలిలోని ఆ చిన్న ఇంట్లో వంటింటి దీపం మాత్రం ఇంకా ఆరలేదు. కడిగి బోర్లించిన గిన్నెల పక్కన ఒక బల్ల, బల్ల మీద దూరవిద్య వారు పంపిన పాఠ్యపుస్తకం. భర్త రాత్రి షిఫ్టుకు వెళ్ళాడు. పిల్లలు నిద్రపోయారు. నలభై ఒకటో ఏట ఆ ఇల్లాలు మళ్ళీ విద్యార్థిని అయింది.

ఆమె ఎన్నుకున్న విషయం విని ఇరుగుపొరుగు వారు నవ్వేవారు. అది సరిహద్దు భద్రత, జీవ భద్రత. "దేశం నడిబొడ్డున కూర్చున్నదానివి, నీకు సరిహద్దులతో ఏమి పని?" అని అడిగేవారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. రిసాలి నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా దేశపు ఎల్ల చేరేందుకు వందల మైళ్ళు ప్రయాణం చేయాలి.

అయితే ఆ ఊరే దూరప్రాంతాల నుంచి వచ్చినవారు కూడి కట్టుకున్న ఊరు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో భిలాయి ఉక్కు కర్మాగారానికి పునాది పడింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. పనికోసం దేశం నలుమూలల నుంచి వచ్చినవారిలో తెలుగువారు కూడా ఉన్నారు. ఆమె తండ్రి 1970లలో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చి, కోక్ ఓవెన్ల వేడిలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి పదవీ విరమణ పొందాడు. ఆమె బడిలో హిందీ, ఇంట్లో తెలుగు నేర్చింది. డిగ్రీ కాగానే పెళ్ళయింది. తరువాత ఒక ప్రైవేటు పార్సెల్ కార్యాలయంలో గుమాస్తాగా చేరింది.

ఈ చదువుకు బీజం పడింది 2020లో. కంటికి కనిపించని ఒక క్రిమి దేశాలన్నీ దాటి వచ్చి తమ వీధి తలుపులు మూయించింది. మరుసటి ఏడు భిలాయి కర్మాగారం ఆస్పత్రులకు ప్రాణవాయువును పంపుతూ ఉండగా, ఆమె మనసును ఒకే ప్రశ్న వేధించింది. కాపలా ఇంత ఉండగా ఇది ఎలా దాటింది? ఆ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ, ఉద్యోగం చేసుకుంటూ చదివే వీలున్న ఒక కోర్సులో చేరింది. పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే. మొదటి నెలలో ఒక్కొక్క పేజీకి ఒక్కొక్క గంట పట్టేది. అర్థమైనదాన్ని తెలుగులో ఒక నోటు పుస్తకంలో రాసుకునేది.

చదివినకొద్దీ సరిహద్దు అన్న మాటకు అర్థం విశాలమయింది. తుపాకి పట్టిన జవాను ఒక కాపలాదారు. రేవులో, విమానాశ్రయంలో విత్తనాల సంచిని విప్పి చూసే ఉద్యోగి మరొక కాపలాదారు. 1377లోనే ఆడ్రియాటిక్ తీరాన రగూసా నగరం, మహమ్మారి ఉన్న చోటినుంచి వచ్చేవారిని ముప్పయి రోజులు ఊరి వెలుపల నిలిపింది. తరువాత ఆ గడువు నలభై రోజులయింది. క్వారంటైన్ అన్న మాట ఆ నలభైలోంచే పుట్టింది. మన దేశంలో హానికర కీటకాలు, తెగుళ్ళను అరికట్టే చట్టం 1914లో వచ్చింది. విదేశాల నుంచి వచ్చే మొక్కలకు, విత్తనాలకు 2003 నాటి ఉత్తర్వు ప్రకారం అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి.

ఒక పాఠం ఆమెను చాలా రోజులు కలవరపెట్టింది. 2016లో బంగ్లాదేశ్‌లో గోధుమ పైరుకు బ్లాస్ట్ తెగులు సోకింది. అది 1985లో బ్రెజిల్‌లో మొదట కనిపించిన తెగులు. అది ఇవతలికి రాకుండా 2017లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం నదియా, ముర్షిదాబాద్ జిల్లాలలోనూ, మిగిలిన సరిహద్దు వెంబడి ఐదు కిలోమీటర్ల మేరలోనూ గోధుమ సాగును నిలిపివేసింది. పంట విరామం అనగానే ఆమెకు 2011లో కోనసీమ రైతులు పాటించినది గుర్తుకు వచ్చింది. కాని అది రైతులు తమంత తాము తీసుకున్న నిర్ణయం. ఇక్కడ పొలంలో ఏ తెగులూ లేని రైతు కూడా గోధుమను వదులుకోవలసి వచ్చింది. "తప్పు చేయనివాడు నష్టపోవడం న్యాయమేనా?" అని నోటు పుస్తకంలో రాసుకుంది. దాని కింద సమాధానం రాయలేకపోయింది.

ఆ ప్రశ్న 2022 వేసవిలో ఆమె గడప దగ్గరికే వచ్చింది.

ఉద్దానంలో ఆమె తాత నాటిన కొబ్బరి తోట ఉండేది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటినప్పుడు ఆ తోట నేలకూలింది. మిగిలినవి మూడే చెట్లు. వాటి కాయలను చినాన్న నారు పోయించాడు. అందులో రెండు మొక్కలను తెచ్చి రిసాలి ఇంటి పెరట్లో నాటాలని తండ్రి కోరిక. వెళ్ళేముందే ఆయన స్వయంగా గొయ్యి తవ్వి, ఎరువు వేసి ఉంచాడు. డెబ్బై దాటిన మనిషి ఆ గొయ్యి తవ్వడానికి రెండు రోజులు పట్టింది.

తిరుగు ప్రయాణానికి ముందురోజు రాత్రి ఆయన ఫోను చేశాడు. మొక్కలకు తడి గోనె చుట్టి సిద్ధం చేశానన్నాడు. అప్పటికి ఆమె చదువుతున్నది కొబ్బరిని పట్టే సర్పిలాకార తెల్లదోమ గురించి. మధ్య అమెరికా ప్రాంతానికి చెందిన ఆ పురుగు మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి వద్ద కనిపించి, కొద్దికాలంలోనే ఆంధ్ర తీరానికి చేరింది. అది ఆకు అడుగున చుట్టలు చుట్టలుగా గుడ్లు పెడుతుంది. అది విసర్జించే తీపి జిగట మీద నల్లని మసి పట్టి ఆకు నీరసిస్తుంది. దూరప్రాంతాలకు అది ప్రయాణం చేసేది ముఖ్యంగా మనుషులు మోసుకుపోయే మొక్కల మీదనే.

"నాన్నా, ఒకసారి ఆకు తిరగేసి చూడు" అంది.

కొంతసేపు నిశ్శబ్దం. "తెల్లగా ముగ్గు వేసినట్టుందమ్మా. చుట్టలు చుట్టలుగా ఉంది. తుడిచేస్తాను లే."

"తుడిస్తే పోదు నాన్నా. కంటికి ఆననివి ఇంకా ఉంటాయి. ఆ మొక్కలు తేవద్దు."

"ఏటమ్మా, మా నాన్న తోటలో మొక్క నాకే కూడదా? రోజూ లారీల్లో బోండాలు వస్తున్నాయి. వాటినెవరు ఆపారు?"

ఆ మాటకు ఆమె దగ్గర సమాధానం లేదు. డార్జిలింగ్ బంగాళాదుంప వంటి కొన్నింటి రవాణాకు దేశం లోపల కూడా చట్టం కట్టడి విధించింది. కాని విజయనగరంలో గాని, రాయగడలో గాని, దుర్గ్ స్టేషనులో గాని ఆ గోనెను విప్పి చూసే అధికారి ఎవరూ ఉండరు. ఆ పురుగు ఈసరికే మరో దారిన ఛత్తీస్‌గఢ్ చేరి ఉండవచ్చు కూడా. తాను ఊరుకుంటే తండ్రి సంతోషిస్తాడు, అడిగేవారూ ఉండరు. ఆ రాత్రి ఆ దారి మొత్తానికి ఉన్న ఒకే ఒక తనిఖీ కేంద్రం తానే.

"లారీని ఆపడం నా చేత కాదు నాన్నా. నీ చేతిలో సంచి గురించే చెప్పగలను" అంది. గొంతు వణికింది.

ఆయన ఫోను పెట్టేశాడు. ఆ రాత్రి పుస్తకం తెరిచే ఉన్నా ఒక్క అక్షరం ముందుకు సాగలేదు. నదియా జిల్లా రైతు ముఖం ఎలా ఉంటుందో ఆమెకు మొదటిసారి తెలిసినట్టయింది.

మూడోనాడు తండ్రి వచ్చాడు. చేతిలో గోనె లేదు. ఒక స్టీలు డబ్బా ఉంది. మూత తీస్తే కొబ్బరి లౌజు. "ఆ మూడు చెట్ల కాయలతోనే మీ పిన్ని చేసింది. నాటడానికి కాదు, తినడానికి" అన్నాడు. అంతకు మించి ఆ సంగతి ఎత్తలేదు.

సాయంత్రం పెరట్లో ఖాళీ గొయ్యి గట్టున కూర్చుని ఆయనే మొదలుపెట్టాడు. "నా చిన్నప్పుడు ఎవరింట్లోనైనా అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టేవారు. అవి చూస్తే సొంత అన్నదమ్ముడైనా గడప తొక్కేవాడు కాదు. మా అమ్మకు పోసినప్పుడు మా మేనమామ వీధిలోనే నిలబడి ఏడ్చి వెళ్ళిపోయాడు. లోపలికి రానందుకు ఆయన మీద ఎవరికీ కోపం రాలేదు. అది కూడా ప్రేమే అనుకున్నాం." ఆమె ఏమీ అనలేదు. నెలల తరబడి ఇంగ్లీషు పుస్తకాలలో తాను వెదుకుతున్న మాట ఆయన నోట తెలుగులో వినిపించింది.

ఆమె పరీక్షలు గట్టెక్కింది. గొప్ప మార్కులేమీ రాలేదు. ఉద్యోగమూ మారలేదు. పార్సెల్ కార్యాలయంలో మొక్కల మూటలు వచ్చినప్పుడు మాత్రం, పంపేవారితో రెండు మాటలు ఎక్కువ మాట్లాడుతుంది. కొందరు వింటారు, కొందరు విసుక్కుంటారు.

వానలు పడ్డాక తండ్రీ కూతుళ్ళు ఊళ్ళోనే ఉన్న ఒక నర్సరీకి వెళ్ళారు. కుర్రవాడు పచ్చగా నవనవలాడే ఒక మామిడి అంటును తెచ్చి ముందు పెట్టాడు. ఆమె ధర అడిగేలోపే ముసలాయన వంగి, కళ్ళజోడు సవరించుకుని, ఒక్కొక్క ఆకునూ తిరగేసి చూడసాగాడు.