చాటింపు

మాటకు రోగమును మాన్పు శక్తి కలదో లేదో గాని, రోగిని వెలివేయు శక్తి మాత్రము కలదు. 2020వ సంవత్సరమున కోవిడు మా గ్రామమునకు రాకమున్నే దానిని గూర్చిన మాటలు వచ్చి చేరినవి. వానిలో కొన్నిటిని తెచ్చినవారము మేమే యగుటచే ఈ నాలుగు ముక్కలు వ్రాయుచున్నాము.

మార్చి 25వ తేదీని దేశమంతట రాకపోకలు నిలిచిపోయెను. బడి అంతకుముందే మూతపడినది. సంస్కృతమును ఇంగ్లీషును చదివినవాడు పంతులే గదా యని పంచాయతీవారు చాటింపు వ్రాసిపెట్టుడని మమ్ము కోరిరి. మేమును ఉత్సాహముతో కూర్చుండి ఒక పుట నింపితిమి. 'సామాజిక దూరము పాటింపవలయును' అనునది అందు మొదటి వాక్యము. ఇంగ్లీషు మాటకు ఇంతకంటె చక్కని తెనుగు లేదని లోలోన మురిసితిమి కూడ.

డప్పు వేయు పెద్దాయన ఆ కాగితమును మాచేత రెండుమార్లు చదివించుకొని డప్పును క్రింద పెట్టెను.

"అయ్యా, ఈ మాట నేను చాటలేనండి. మమ్మల్ని ఊరికి దూరంగా పెట్టింది మా తాతలనాడే గదండీ. మళ్ళీ నా డప్పుతోనే చెప్పిస్తారా?"

మేము తలవంచుకొంటిమి. సమాజములో దూరమన నెట్టిదో మాలపల్లె వారికి మేము నేర్పవలెనా? ప్రపంచ ఆరోగ్య సంస్థవారును ఆ మార్చి నెలలోనే ఆ మాటను విడిచి 'భౌతిక దూర'మని చెప్పసాగిరి. ఎడముగా నుండవలసినవి శరీరములే గాని మనసులు కావని వారి భావము. మేము వెంటనే 'సామాజిక' కొట్టివేసి 'భౌతిక' అని దిద్దితిమి.

"భౌతికమంటే శవమే గదండీ?" అనెను పెద్దాయన.

నిజమే. పత్రికలలో భౌతికకాయమని చదువుటయే గాని, బ్రదికియున్నవానిని గూర్చి ఆ మాట పల్లెలో ఎవరు వినిరి? మా పాండిత్యము రెండవమారు కూలబడెను. తుదకు ఆయనయే చెప్పెను: "మనిషికీ మనిషికీ నాలుగు మూరల ఎడం." ఆరడుగులకు సరిగా నాలుగు మూరలు! కొలబద్ద ప్రతివాని చేతనే యున్నది.

సబ్బు సంగతి తేలికగనే సాగెను. ఆ వైరసు చుట్టును క్రొవ్వుపొర యుండుననియు, జిడ్డుగిన్నెను తోమినట్లే సబ్బు దానిని విడదీయుననియు చెప్పిన ఆడువారందరును గ్రహించిరి. గాలిమాట మాత్రము మా పుటలో లేదు. వ్యాధి గాలిలో వ్యాపించునని ఆ సంస్థయే 2021లో గాని స్పష్టముగా ఒప్పుకొనలేదు. కిటికీలు తెరువుడని ఒక ముక్క చేర్చియుండిన బాగుండెడిది.

ఇంతటితో మా తప్పులు ముగియలేదు. జబ్బు సోకిన యింటి తలుపునకు కాగితమంటించుట ఆ దినములలో పెక్కుచోట్ల జరిగెను. మా వీధిలో అంటించిన కాగితమున అక్షరములు మావి. దస్తూరి బాగుండునని మాచేత వ్రాయించిరి. పాలవాడు ఆ గడప తొక్కుట మానెను. కుళాయికడ వారి బిందెను వెనుకకు నెట్టిరి. ఇదంతయు చూచి, ప్రక్కవీధి యువకుడొకడు, మాయొద్ద చదువుకొన్నవాడే, తన జ్వరమును ఎనిమిది దినములు దాచెను. ఊపిరాడని దినమున ఆస్పత్రికి తీసికొనిపోయిరి. తిరిగి రాలేదు.

భయము రోగిని దాచునని మేమెరుగక కాదు. 2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా చెలరేగినపుడు, దీనికి మందు లేదని మొదట చాటిరట. మందు లేనిచోటికి పోవుట యెందుకని పెక్కురు ఇండ్లలోనే యుండిపోయిరి. ఆ వ్యాధి అణగులోపల పదకొండువేలమందికి పైగా మరణించిరి. ఇది చదివియు మేము కలము పట్టితిమి. అధికారి ప్రత్యేకాజ్ఞ లేనిదే అట్టి కాగితములంటింపరాదని సుప్రీం కోర్టు 2020 డిసెంబరులో చెప్పెను. అప్పటికి మా శిష్యుడు లేడు.

2021 వేసవిలో రెండవసారి వ్యాధి ముమ్మరించినపుడు, ఈమారు మేమే పెద్దాయన యింటికి పోయి, ఆయన చెప్పగా వ్రాసికొంటిమి. చివర ఒక మాట మాత్రము మేము చేర్చితిమి: జ్వరము వచ్చినదని చెప్పినవారి యింటికి బియ్యము, కూరలు వచ్చును.

"ఎవరు తెస్తారండీ?" అని ఆయన అడిగెను.

మేము జవాబు చెప్పలేకపోతిమి. ఆ సాయంకాలము వీధివీధి తిరిగి నలుగురు యువకులను ఒప్పించి, ఆయన ముందర నిలువబెట్టితిమి. ఆయన వారి నలువురిని పేరుపేరున అడిగి, అటుపిమ్మట డప్పును భుజమునకు తగిలించుకొనెను.