పవళించిన ఆకాశహర్మ్యం

న్యూయార్క్ మేడలు మేఘమండలాన్ని తాకసాగిన రోజులలో ఛాయాచిత్రకారులకు ఒక చిక్కు ఎదురైంది. అంత ఎత్తును చిన్న చట్రంలో ఇమిడ్చేదెట్లు? 1903లో ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ ఫ్లాటైరన్ భవనాన్ని మంచు కురిసిన వేళ, చెట్టు వెనుక నిలిపి, మసకగా చూపాడు. మూడు దశాబ్దాల తరువాత బెరెనిస్ ఆబట్ అను వనిత ఆ మసకను తుడిచివేసి, కెమెరాను ఒకచోట పైకెత్తి, మరొకచోట క్రిందికి వంచి, మారిపోతున్న నగరాన్ని నమోదు చేసింది.

మన గోదావరి సీమలో అటువంటి కట్టడమేది? ఉన్నది, కాని నిలువుగా లేదు, నదిపై పవళించి ఉన్నది. 1897లో ఆరంభమై 1900లో రైళ్లకు తెరచిన హేవలాక్ వంతెనకు 56 ఖానాలు, ఒక్కొక్కటి 150 అడుగులు. 381 మీటర్ల ఎంపైర్ స్టేట్ భవనాలను ఆరింటిని వరుసగా పరుండబెట్టినా రాజమహేంద్రవరం నుండి కొవ్వూరు గట్టు అందదు!

1997లో ఈ వంతెనకు విశ్రాంతి లభించింది. నాటినుండి అందరి కెమెరాలూ ప్రక్కనున్న కాంక్రీటు కమానుల వంతెనవైపే. మా విద్యార్థులు నాకు చూపే చిత్రాలు దాదాపు అన్నీ సాయంకాలపువే. సూర్యుడు కొవ్వూరు వైపు దిగుతాడు గనుక రెండు వంతెనలూ నల్లని గీతలైపోతాయి. అందమే, కాదనను. కాని ఆ నలుపులో ఇనుమేదో, రాయేదో తెలియదు. రైలు నడవని ఇనుమును త్రుప్పు తీరికగా తింటుంది. అది పోయిననాడు మనకు మిగిలేది సూర్యాస్తమయమేనా?

ఇంకొక లోటు కూడ కలదు. 1930–31లో లూయిస్ హైన్ ఎంపైర్ స్టేట్ భవనం కంటే దానిని కట్టిన కూలీలనే ఎక్కువ ప్రేమతో చిత్రించాడు. మన వంతెనకు మద్రాసు గవర్నరు పేరు నిలిచింది. నదిలో స్తంభాలు లేపినవారి ముఖాలు మన కండ్లముందు లేవు. కనుక వారి చేతిపనినైనా దగ్గరగా చూడాలి.

అందుకు ఉదయమే తగిన సమయం. పుష్కర ఘట్టంలో నిలిచినవారికి సూర్యుడు వీపువెనుక ఉంటాడు. రాతి అతుకులు, ఇనుప దూలాలు వేటికవి విడివిడిగా గోచరిస్తాయి. మొత్తం వంతెనను పట్టాలనే ఆశ మానుకొని ఒక్క స్తంభం చాలుననుకోండి. ప్రక్కగా జాలరి పడవ వచ్చేదాకా ఆగితే దాని కొలత తెలుస్తుంది. వేసవిలో నీరు తగ్గినప్పుడైతే రాతిమీద వరదలు వదలిన చారలు కూడ చిత్రంలో పడతాయి.