మ్యాపులో చోటుంది, సమయం లేదు

నకిరేకల్ చుట్టుపక్కల 11 కేవీ లైన్ల మీద పనిచేసిన రోజుల్లో నేనొక తప్పు చేశాను. ఆ తప్పుకు ట్రాన్స్‌ఫార్మర్లు కాలాయి, రైతులు ఎండల్లో నీళ్లకు తిప్పలు పడ్డారు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు మళ్లీ అదే చేయకూడదని రాస్తున్నాను.

మా దిక్కు పిడుగుల భయం ఏప్రిల్, మే నెలల్లోనే ఎక్కువ. పగలంతా ఎండ మండుతుంది, పొద్దు వాలేసరికి మబ్బు కమ్ముకుని ఉరుములు మొదలవుతాయి. ఫీడర్ ట్రిప్ అవుతుంది. బత్తాయి, నిమ్మ తోటలకు తడి తప్పకూడని రోజులవి. బోరు ఆగితే పిందె రాలిపోతుంది. అందుకే స్తంభాల జీపీఎస్ గుర్తులు తీసుకుని, లాగ్‌బుక్‌లోని ట్రిప్పులన్నిటినీ, ఏ ఊరి నుంచి ఫోనొస్తే ఆ ఊరి దగ్గర మ్యాపు మీద చుక్కలుగా పెట్టాను. చుక్కలు గుంపుగా కనిపించిన చోటల్లా కొత్త లైట్నింగ్ అరెస్టర్లు (ఎల్‌ఏలు) బిగించాం. మరుసటి వేసవిలోనూ కరెంటు అట్లనే పోయింది.

పొరపాటు ఆ చుక్కల్లోనే ఉంది. లాగ్‌బుక్‌లో మేం సమయాన్ని దగ్గరి అరగంటకో గంటకో సర్దేసి రాసేవాళ్లం. కారణం గడిలో ఎప్పుడూ ఒకటే మాట, గాలివాన. ఆ పేజీల కింద సంతకం నాది. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం నడిపే సెన్సర్లు పిడుగు పడిన చోటునూ క్షణాన్నీ పట్టుకుంటాయి; పిడుగుల గురించి హెచ్చరించే మన ఫోన్లలోని దామిని యాప్‌కు ఆధారం అవే. అమెరికాలో 1980ల చివరికే దేశమంతటా పిడుగుల్ని నమోదు చేసే ఏర్పాటు వచ్చింది. లైన్ ట్రిప్ అయిన క్షణాన్ని పిడుగు పడిన క్షణంతో సరిపోల్చి, ఏ స్తంభాల దగ్గర వెతకాలో అక్కడి విద్యుత్ సంస్థలు తేల్చుకుంటాయి. మేం రాసిన 'సాయంత్రం 6 గంటలు' దేనితో సరిపోలుతుంది? ఆ గంటలోనే ఎన్నో పిడుగులు పడి ఉంటాయి. తర్వాత లైన్ వెంట నడిచి చూస్తే, పిడుగు దెబ్బ అని నేను గుర్తుపెట్టిన కొన్నిచోట్ల తీగకు రాసుకుంటున్న వేపకొమ్మలు, వెంట్రుకంత బీట పడిన పిన్ ఇన్సులేటర్లు కనిపించాయి.

ఎర్త్ సంగతి నన్ను ఇంకా బాధపెడుతుంది. ఎల్‌ఏ పిడుగును ఆపదు, భూమిలోకి దారి ఇస్తుంది. ఆ దారి మూసుకుపోతే దెబ్బ ట్రాన్స్‌ఫార్మర్‌దే. ఎర్త్ కొలతలు తీసి మ్యాపులో ఎక్కించాను కూడా. కానీ తీసింది ఆగస్టులో, నేల నానివున్నప్పుడు. అన్నీ బాగున్నట్టే వచ్చాయి. మాది చెలక నేల, కొంచెం తవ్వితే రాయి తగులుతుంది. మే వచ్చేసరికి ఎర్త్ గుంతలో బొగ్గు, ఉప్పు ఉన్నా తేమ ఉండదు. అవే గుంతల్ని మేలో కొలిచినప్పుడు ఓములు ఎంతో పెరిగి కనిపించాయి. పిడుగులు పడే నెలలో ఆ నేల ఎట్లుంటుందో నా మ్యాపు ఎన్నడూ చెప్పలేదు.

ఆ తర్వాత గుంతలు లోతు చేయించాం, ఎండలు ముదరకముందే నీళ్లు పోయించాం, మార్చిలోనే కొమ్మలు కొట్టించాం. ట్రాన్స్‌ఫార్మర్లు కాలడం తగ్గింది.

సబ్‌స్టేషన్‌లో డ్యూటీ చేసే తమ్ముళ్లారా, రిలేలో గడియారం సరిగా ఉందో లేదో చూసుకోండి. బ్రేకర్ పడిన నిమిషాన్ని ఉన్నదున్నట్టు రాయండి, కారణం తెలియకపోతే తెలియదనే రాయండి. ఎర్త్‌ను మే నెలలో కొలవండి. రైతన్నలారా, మీ చేను పక్క ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎర్త్ తీగ తెగి కనిపిస్తే ముట్టుకోకుండా వెంటనే లైన్‌మన్‌కు చెప్పండి.