లక్ష్మణుని గీత

"మూలమున లేదు" అను మాట యిప్పుడు మన యిండ్లలో విరివిగా వినబడుచున్నది. వెనుక పండితులు సభలలో ప్రయోగించెడి యీ యాక్షేపణమును నేడు బడిపిల్లలు సైతము దూరదర్శన ధారావాహికలపై ప్రయోగించుచున్నారు. 1987 జనవరి 25వ తేదీన మొదలై 78 భాగములుగా సాగిన రామానందసాగరుని 'రామాయణము'ను దూరదర్శనమువారు 2020 మార్చి 28 నుండి మరల ప్రసారము చేసిరి. మహమ్మారి భయముచే జనులు గడప దాటని దినములవి. ఆ యేప్రిల్ 16వ తేదీన 7 కోట్ల 70 లక్షలమంది చూచిరని ఆ సంస్థవారే ప్రకటించిరి. మొదటిమారు పెద్దలు టీవీపెట్టెకు పూలమాల వేసి, చేతులు జోడించి చూచిరి. రెండవమారు చూచిన పిన్నల చేతులలో ఫోనులుండెను. ఆ ఫోనులలో వాల్మీకి యుండెను. ఇక వాదము తప్పునా?

మా పాఠశాలలోని ఉపాధ్యాయుల గదిలో ఈ వాదము నేటికిని ముగియలేదు. ఒక పక్షమువారికి మూలమునుండి వెండ్రుకవాసి తొలగుటయు పాపమే. రెండవ పక్షమువారు "అది వినోదము, శాస్త్రము గాదు, ఎట్లు తీసిన నేమి?" అందురు. ఈ రెండు మాటలును నాకు రుచింపవు. మూలమును మార్చుటయే దోషమైనచో తెలుగు సాహిత్యములో మిగులునది స్వల్పము. భారతమును తెనిగించిన తిక్కన భగవద్గీతను ఎంతగా సంక్షేపించెనో చదివినవారు ఎఱుగుదురు. అందుకై ఆయనను నిందించినవాడు నాకు కనబడలేదు. ఇక రెండవ పక్షమువారి యుపేక్ష యేల తగదో చెప్పవలెనన్నచో లక్ష్మణరేఖ సంగతి యెత్తుకొనక తప్పదు.

పర్ణశాలముందు లక్ష్మణుడు గీత గీయుట వాల్మీకములో లేదు. దీనిని కనుగొన్న మా విద్యార్థి యొకడు, హిందీవారు మన రామాయణమును పాడుచేసిరని వాదించెను. వాని కోపము చూచి నాకు నవ్వు వచ్చెను. ఏలయన, ఆ ధారావాహికకు ఆధారములుగా చెప్పబడిన గ్రంథములలో వాల్మీకి, తులసీదాసు, కంబరు, కృత్తివాసుడు మొదలగువారి కృతులతో పాటు తెలుగు రంగనాథరామాయణమును గలదు. 13వ శతాబ్దమున ద్విపదలో వెలసిన ఆ కావ్యమును రచించిన గోన బుద్ధారెడ్డి యెక్కడివాడు? మన పాలమూరు సీమలోని వర్ధమానపురమును ఏలిన గోనవంశమువాడు. ఆ వర్ధమానపురమే నేటి నందివడ్డెమాను. 2016లో జిల్లాలు విభజింపబడిన పిమ్మట నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినది. 2015లో వచ్చిన 'రుద్రమదేవి' చలనచిత్రము పుణ్యమా యని గోన గన్నారెడ్డి పేరు మా పిల్లలందఱును ఎఱుగుదురు. బుద్ధారెడ్డి యెవరో యెఱిగిన పిల్లవాడు తరగతికి ఒక్కడు దొరకుట దుర్లభము.

ఈ బుద్ధారెడ్డి లక్ష్మణునిచేత ఒక్కటి గాదు, ఏడు గీతలు గీయించెను. సేతువు కట్టునప్పుడు ఉడుత చేసిన సాయము, ఇంద్రజిత్తు భార్యయగు సులోచన వృత్తాంతము మున్నగునవియు వాల్మీకములో లేక ఇందు గలవు. తోలుబొమ్మలాటవారు రాత్రులందు పాడిన ద్విపదలు ఇవి. ఉడుతకథ విని మూలమున లేదని ఏ యవ్వయు తన మనుమని వారింపలేదు. చిన్నప్రాణికిని సేతువులో పాలు కల్పించిన ఆ మార్పు కథను పెంచినదే గాని తగ్గింపలేదు.

గీత సంగతి వేఱు. వాల్మీకి సీత లక్ష్మణుని పరుషముగా పలికి పంపినది నిజమే. అతడు ఆమెను వనదేవతలకు ఒప్పగించి పోయెను. అంతట సన్న్యాసివేషమున వచ్చిన రావణునికి ఆమె ఆసనమిడి, కాళ్లకు నీళ్లిచ్చి, భోజనమునకు పిలిచెను. వాడు తన యుద్దేశము వెల్లడింపగా సింహమునకును నక్కకును గల భేదము చూపి నిందించెను. వాడు ఆమెను బలాత్కారముగా పట్టి రథముపై బెట్టుకొని పోయెను. ఇందు ఆమె దాటిన హద్దు ఏదియు లేదు. అతిథిని ఆదరించుట తప్పు గాదుగదా. నేరమంతయు రావణునిదే. తులసీదాసు అరణ్యకాండలో గీత గీయింపక, లంకాకాండలో మండోదరి నోట దాని ప్రస్తావన చేసెను. రాముని తమ్ముడు గీసిన చిన్నగీతను దాటలేని నీకు పౌరుషమెక్కడిదని ఆమె భర్తను ఎత్తిపొడుచును. అక్కడ ఆ గీత రావణునికి సిగ్గు. ధారావాహికలో రావణుడు గీతయొద్ద నిలిచి, బయటికి వచ్చి భిక్ష వేయుమని పట్టుబట్టును, సీత దాటును, అనర్థము కలుగును. అప్పటినుండి ఆ గీత సీత తప్పుగా జనుల మనస్సులలో నాటుకొన్నది.

ఇది పండితచర్చయే యని త్రోసివేయుదునేమో గాని, ఒక యింట దీని ఫలము కంటితో చూచితిని. పదవ తరగతిలో చక్కని మార్కులు తెచ్చుకొన్న బాలికను మహబూబ్‌నగరములోని కళాశాలకు పంపుడని యడుగుటకు నేనును మా గణితోపాధ్యాయినియు ఆమె యింటికి పోయితిమి. తాతగారు మంచముపై కూర్చుండబెట్టి చాయ తెప్పించి, నెమ్మదిగా ఇట్లనిరి: "సారూ, గీత దాటినందుకు సీతమ్మ తల్లికే తిప్పలు తప్పలే. మా పిల్ల ఎంత?" వాల్మీకి రామాయణములో గీతయే లేదని నేను చెప్పితిని. "టీవీల సూసినం గద సారూ!" అనిరి. ఆయన కపటి గాడు. మనుమరాలిపై ప్రాణము పెట్టుకొన్నవాడు. ఆ బాలిక వాకిలి చాటున నిలిచి వినుచుండెను. ఆమెకు ఒక సంవత్సరము చదువు పోయెను. మఱుసటి యేట మేనమామ పూనికతో గురుకుల కళాశాలలో చేరినది. మా రామాయణవాదమువలన గాదు.

భారతమునందును ఇట్టిదే జరిగినది. మయసభలో నీళ్లలో పడిన దుర్యోధనుని చూచి భీమాదులు నవ్విరని వ్యాసుడు చెప్పెను. ద్రౌపదియు చెలులతో నవ్వెనని దుర్యోధనుడు పిమ్మట తండ్రితో మొఱపెట్టుకొనెను. "గ్రుడ్డివాని కొడుకు గ్రుడ్డివాడే" యన్న మాట వ్యాసుని ద్రౌపది పలుకలేదు. జనశ్రుతిలో నున్న ఆ మాటను 1988లో మొదలైన చోప్రాగారి 'మహాభారతము' ఇంటింటికిని చేర్చినది. కురుక్షేత్రమునకు కారణము ఆడుదాని నోరే యని తీర్పు చెప్పుట అంతటితో సులభమైనది.

మా హిందీ పండితులు తులసీభక్తులు. నేను మార్పులయందు చెడుగునే వెదకుచున్నానని వారి యాక్షేపణము. అగ్నిప్రవేశమును చూపిరి. ధారావాహిక తులసీదాసు ననుసరించి, అసలు సీత ముందే అగ్నియందు దాగెననియు, రావణుడు గొనిపోయినది ఛాయాసీత యనియు చెప్పినది. "దీనిచే సీతారాము లిరువురికిని మచ్చ తొలగినది. ఈ మార్పు మీకు సమ్మతమేనా?" అని యడిగిరి. దాని వెనుక నున్న కరుణను నేను కాదనను. కాని వాల్మీకి సీత ఆ ఘట్టమున మౌనముగా మంటలోనికి పోలేదు. పామరుడు పామరస్త్రీతో పలికినట్లు ఇట్టి మాటలు పలుకుచున్నావేమని నిండుసభలో భర్తను నిలదీసెను. ఛాయను పంపినచో ఆ ప్రశ్న యడుగువారెవరు?

"ఆ మాటలు విన్నచో జనులు రామునికి మ్రొక్కుదురా?" అని వారు ఎదురుప్రశ్న వేసిరి. మా నాయనమ్మ ఆ ఘట్టము విని రామునిపై కోపించెడిది; మఱునాటి యుదయమున ఆయనకే దీపము పెట్టెడిది. ఆ సంగతియే చెప్పితిని. వారు మఱుమాటాడక నా యుద్ధకాండ ప్రతిని అడిగి తీసికొనిపోయిరి. పక్షము దాటినది, పుస్తకము ఇంకను తిరిగి రాలేదు.