స్టెప్నీ ఎక్కడుండాలి?

జువ్వలదిన్నె హార్బర్ దాటి ఇసుకలోకి బండ్లు దించే కుర్రాళ్లను చూస్తే ఒకటే అడగాలనిపిస్తుంది: నాయనా, మీ స్టెప్నీ ఎక్కడుంది?

బొలెరోకి, థార్‌కి వెనక తలుపు మీద ఉంటుంది. స్కార్పియోకి బండి కింద, వెనకవైపు. తారురోడ్డు మీద ఎక్కడున్నా ఒకటే, ఇసుకలో కాదు. టైరు పంక్చరై బండి కూరుకుపోతే, కిందున్న స్టెప్నీ కోసం ముందు ఇసుక తవ్వాలి. పైగా మన ఉప్పుగాలికి దాన్ని దించే బోల్టు తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. అవసరమైన రోజునే కదలదు.

కొందరు పైన క్యారియర్ మీద కడతారు. అంత బరువు అంత ఎత్తున పెడితే దిబ్బల వాలులో బండి ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. ఒక్కడే దించుకోవడమూ కష్టం.

నా ఓటు వెనక తలుపుకే. అద్దంలో వెనక చూపు కొంత తగ్గుతుంది, గుంతల్లో తలుపు బందుల మీద భారం పడుతుంది, నిజమే. అయినా నిలబడి, రెండు నిమిషాల్లో విప్పుకోవచ్చు.

కింద స్టెప్నీ ఉన్నవాళ్లు మాత్రం బీచ్‌కి బయల్దేరే ముందు ఇంటి దగ్గరే ఒకసారి దించి చూడండి. బోల్టుకి గ్రీజు పెట్టండి, టైరులో గాలి చూడండి. జాకీ ఇసుకలో దిగబడుతుంది, దాని కిందికి ఒక చెక్కపలక కూడా వేసుకోండి.